కుడివైపు మానిటర్

బల్ల కింద దూరి టార్చి వేసి చూస్తున్న దమయంతికి వైర్లు తప్ప ఏమీ కనిపించలేదు. అవీ సగమే. మిగతా సగం, బల్ల అడుగున మరలతో బిగించిన నల్ల రేకు పెట్టెలోకి వెళ్లిపోయాయి. డాక్ ఆ పెట్టెలో ఉంది. లాప్‌టాప్‌కి అక్కణ్నుంచి ఒక్క తీగ తగిలిస్తే చాలు, కరెంటు, కీబోర్డు, బల్ల మీది రెండు పెద్ద మానిటర్లు, అన్నీ దాని ద్వారానే పనిచేస్తాయి.

మోకాళ్లు పట్టేశాయి. నేల మీద కూర్చునే గడియారం చూసుకుంది. ఒకటీ పది. మూడింటికి కంపెనీ మనిషి వచ్చి లాప్‌టాప్‌నీ డాక్‌నీ పట్టుకుపోతాడు. ఆ తర్వాత ఈ గదిలో చూడటానికి ఏమీ మిగలదు.

గది యోగానంద్‌ది. ఇరవై రెండు రోజుల కిందట, మంగళవారం మధ్యాహ్నం రెండూ నలభైకి, ఈ పద్నాలుగో అంతస్తు నుంచి కిందికి దిగే ఫైర్ మెట్ల మలుపులో అతను తల పగిలి పడి ఉన్నాడు. క్లీనింగ్‌కి వచ్చినావిడ చూసేసరికే ప్రాణం లేదు. కాలు జారిందని పోలీసులు రాసుకున్నారు. కంపెనీ దానికి ఇంకో మాట కలిపింది. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆ కంపెనీ కొత్త డిజైన్లు ముందే పోటీవాళ్ల చేతిలో పడ్డాయి. ఫైళ్లుగా కాదు, ఫోటోలుగా. ఎవరో తెర ముందు నిలబడి ఫోన్‌తో తీసినవి. ప్రతి ఫోటో మూలా యోగానంద్ లాగిన్ పేరు ఉంది. ఆ డిజైన్లు తెరిచే వీలు అతనొక్కడికే ఉంది. దొరికిపోయానని తెలిసి పారిపోతూ పడ్డాడని కంపెనీ తేల్చేసింది.

దమయంతి వయసు యాభై మూడు. బ్యాంకులో పద్దెనిమిదేళ్లు ఉద్యోగుల కంప్యూటర్లు బాగుచేసి, ఆ ఉద్యోగం పోయాక ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ లైసెన్స్ తీసుకుంది. యోగానంద్ భార్య సుధామయి ఫోన్లో చెప్పిన ఒక్క మాటకి ఈ కేసు ఒప్పుకుంది. "వస్తువులు అప్పగించినట్టు సంతకం పెట్టమని కాగితం పంపారండీ. అందులో రెండో పేరాలో మా ఆయన దొంగ అని ఉంది. రేపు నా కూతురు పెద్దయ్యాక అది చదువుకోవాలా?"

ఇప్పుడు ఆ మనిషి సోఫా అంచున కూర్చుని ఉంది. తల దువ్వుకుని ఎన్నాళ్లయిందో.

"ఆ రోజు ఆయన కాళ్లకేం ఉన్నాయమ్మా?" అని అడిగింది దమయంతి.

"ఇంట్లో వేసుకునే స్లిప్పర్లు. ఒకటి మెట్ల మీద దొరికింది. ఒకటి కాలికే ఉంది."

"జాకెట్?"

"లేదు. బయట మైనస్ పద్దెనిమిది ఆ రోజు. ఫోన్ ఈ బల్ల మీదే ఉంది. కారు తాళాలు హుక్కుకే ఉన్నాయి."

"పనిచేసేటప్పుడు లాప్‌టాప్ మూత తెరిచి ఉంచేవారా?"

"లేదండీ. మూసేసి, అదిగో ఆ స్టాండ్‌లో నిలబెట్టేవారు. ఎప్పుడూ ఆ రెండు మానిటర్లే."

"మరి ఈ రేకు పెట్టె?"

"శ్రీహర్ష బిగించాడు. మా ఆయన టీమే. ఇదే ఫ్లోర్, పద్నాలుగు పదకొండు నంబర్ ఫ్లాట్. కారిడార్ మూల తిరిగితే వాళ్లిల్లు, అతనూ భార్య చాందినీ ఉంటారు. పాప వైర్లు లాగేస్తోందని ఆయన అంటే, తనే పెట్టె కొనుక్కొచ్చి అన్నీ సర్దిపెట్టాడు." సుధామయి బల్ల వైపు చూసి చూపు తిప్పుకుంది. "మొన్న కూడా రెండుసార్లు అడిగాడు. చూస్తుంటే బాధగా ఉంటుంది వదినా, విప్పేస్తాను అని. నేనే వద్దన్నా."

దమయంతి నోటుబుక్కులో ఒక గీత గీసి, దాని పక్కన ఆ పేరు రాసుకుంది.

ఒకటీ ఇరవై ఐదుకి ఫోన్ మోగింది. మాంట్రియల్ నుంచి మధుమిత. కంపెనీ హెల్ప్‌డెస్క్‌లో పనిచేస్తుంది. చనిపోయే ముందు యోగానంద్ ఆఖరుగా మాట్లాడింది ఆ అమ్మాయితోనే. నాలుగు రోజులు బతిమాలితే ఇవాళ మాట్లాడటానికి ఒప్పుకుంది.

"ఆంటీ, నాకు పదిహేను నిమిషాలే బ్రేక్. నా పేరు ఎక్కడా రావద్దు. నేనింకా వర్క్ పర్మిట్ మీదనే ఉన్న."

"రాదమ్మా. ఆయన ఎన్నిసార్లు కంప్లైంట్ చేశారు?"

"ఐదు టికెట్లు. అన్నీ ఒక్కటే ప్రాబ్లం. డాక్‌కి పెట్టినప్పుడు రెండు మానిటర్లూ మంచిగనే వస్తయి. సడన్‌గా కుడివైపుది బ్లాక్ అయితది. కొంచెం సేపటికి దానంతటదే మళ్లొస్తది."

"ఏ టైములో?"

"అదే నాకూ విచిత్రం అనిపించింది ఆంటీ. ఐదుసార్లూ ఒంటిగంటన్నరకీ రెండుంబావుకీ మధ్యలనే."

"ఏమేం చేయించావు?"

"అందరితో చేయించేవే. డాక్ పవర్ తీసి అర నిమిషం ఆగి పెట్టమన్న. డ్రైవర్ అప్‌డేట్ చేసిన. కొత్త కేబుల్ పంపినం. ఆఖరికి మానిటరే మార్చినం. కొత్తది కూడా అట్లనే పోయింది. డాక్ దగ్గర చూడండి సార్ అంటే, అది పెట్టెలో బిగించి ఉందమ్మా, ఆదివారం విప్పి చూస్తా అన్నరు."

ఆ ఆదివారం రాలేదు. దమయంతి గొంతు తగ్గించింది.

"ఆఖరి రోజు ఏమైంది?"



"ఒకటీ యాభై రెండుకి కాల్ వచ్చింది. డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవమన్న. అందులో లాప్‌టాప్‌కి ఎన్ని స్క్రీన్లు తగిలించి ఉంటే అన్ని బాక్సులు కనిపిస్తయి కదా. ఎన్ని ఉన్నయి సార్ అంటే మూడు అన్నరు. కరెక్టే సార్, లాప్‌టాప్‌ది ఒకటి, మానిటర్లవి రెండు అన్న. ఆయన ఏం మాట్లాడలే. ఐడెంటిఫై బటన్ నొక్కమన్న. అది నొక్కితే ప్రతి స్క్రీన్ మీదా దాని నంబర్ పెద్దగా పడతది. ఒకటి కనిపిస్తోంది అన్నరు. తర్వాత... 'మూడు ఏదీ?' అన్నరు. నన్ను కాదు, తనలో తనే అనుకున్నట్టు. కుర్చీ జరిగింది. కొంచెం సేపు ఏం లేదు. 'ఒక్క నిమిషం అమ్మా' అన్నరు. డోర్ తీసిన సౌండ్ వచ్చింది."

"అప్పుడు టైమెంత?"

"రెండూ తొమ్మిది. నాలుగు నిమిషాలు లైన్‌లనే ఉన్న. మా రూల్ అంతే ఆంటీ. కట్ చేసి, ప్రాబ్లం రిజాల్వ్డ్ అని టికెట్ క్లోజ్ చేసిన." అమ్మాయి ఏడ్చేసింది. "రిజాల్వ్డ్ అని కొట్టిన ఆంటీ. ఆయన అప్పటికి..."

"నీ తప్పేం లేదు. ఏడవకు. నువ్వు చెప్పినదాంట్లోనే అసలు సంగతి ఉంది."

ఫోన్ పెట్టేసి దమయంతి మానిటర్ల వంక చూస్తూ ఉండిపోయింది. మూత మూసిన లాప్‌టాప్ తెర లెక్కలోకి రాదు. ఆ సెట్టింగ్స్‌లో రెండే బాక్సులు ఉండాలి. మూడు ఉన్నాయి. మధుమిత మూత తెరిచి ఉందనుకుంది. మూసి ఉందని యోగానంద్‌కి తెలుసు.

"అమ్మా, ఇంట్లో స్క్రూడ్రైవర్ ఉందా?"

సుధామయి లేచేలోపే తలుపు కొట్టారు.

వచ్చినవాడు భరద్వాజ్. కంపెనీ పెట్టుకున్న ఇన్వెస్టిగేటర్, ముప్పై ఐదేళ్లుంటాయి. మంచు అంటిన బూట్లు విప్పకుండానే కార్పెట్ మీదికి వచ్చేశాడు.

"మూడింటికన్నారు," అంది దమయంతి. "ఇంకా ఒంటిగంటా నలభై."

"రోడ్లు బాలేవని ముందే బయల్దేరా. ఏంటి మేడమ్, ఆ చేతిలో టార్చి? ఆ పెట్టె, అందులోది, అంతా కంపెనీ ప్రాపర్టీ. ఒక్క మర కదిలినా నేను రిపోర్ట్‌లో రాయాల్సి వస్తుంది."

"రాయండి. ఐదుసార్లు కంప్లైంట్ చేసినా ఆ మర ఎవరూ ఎందుకు విప్పలేదో కూడా రాయండి."

భరద్వాజ్ నవ్వాడు. "మీరు బ్యాంకులో మౌస్‌లు మార్చేవారట కదా? నేను విన్నాను."

"పద్దెనిమిదేళ్లు మార్చాను. మౌస్ పాడైందని పిలిచినవాళ్లలో సగంమందికి మౌస్ బాగానే ఉండేది. తప్పు ఇంకెక్కడో ఉండేది."

"ఇక్కడ తప్పు ఎక్కడుందో మాకు తెలుసు. ఆ రోజు ఒకటీ యాభై ఎనిమిదికి హెచ్ఆర్ నుంచి ఆయనకి మెయిల్ వెళ్లింది, మర్నాడు ఎంక్వయిరీకి రమ్మని. రెండూ మూడుకి చదివాడు. రెండూ తొమ్మిదికి బయటికి పరిగెత్తాడు. ఇందులో మీకు అర్థం కానిదేంటి?"

సోఫాలో సుధామయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. దమయంతి అది చూసి భరద్వాజ్‌కి అడ్డంగా వచ్చి నిలబడింది.

"పారిపోయే మనిషి ఫోన్, జాకెట్, కారు తాళాలు వదిలేసి స్లిప్పర్లతో వెళ్లడు. లిఫ్ట్ ఉండగా ఫైర్ మెట్ల వైపు వెళ్లడు. సరే, అది పోనీండి. మీ దగ్గరున్న ఫోటోలు ఏయే తేదీల్లో తీసినవి?"

"అది కాన్ఫిడెన్షియల్."

"నాకు చెప్పకండి. మీ హెల్ప్‌డెస్క్ రికార్డు మీరే తెరిచి, ఆయన కుడి మానిటర్ రావట్లేదని కంప్లైంట్ చేసిన తేదీల పక్కన పెట్టి చూసుకోండి."

"హెల్ప్‌డెస్క్ టికెట్లు చూడటం నా పని కాదు."

"అందుకే చూడలేదన్నమాట."

ఆ మాట అతనికి తగిలింది. విసుగ్గా ఫోన్ తీశాడు. వేలు పైకీ కిందికీ జరిగింది, ఆగింది, మళ్లీ మొదటికి వెళ్లింది. దమయంతి అతని మొహమే చూస్తూ నిలబడింది. పెదవి మీది నవ్వు కాస్త కాస్తగా పోయింది.

"నాలుగూ కలిశాయి," అన్నాడు చివరికి. "నాలుగు ఫోటోల రోజులూ టికెట్ ఉంది."

"ఐదో టికెట్ రోజు ఫోటో లేదు. మనిషి పోయాడు."

"అనుమానం రాకుండా తనే కాల్ చేసి ఉండొచ్చు."

"దొంగతనం చేసే గంటలోనే కంపెనీవాళ్లని పిలిచి, నా స్క్రీన్‌లోకి చూడండి అంటాడా? కంపెనీ మీకిచ్చిన ఆయన పాస్‌వర్డ్‌తో ఆ లాప్‌టాప్ ఆన్ చేయండి భరద్వాజ్ గారూ. నేను దేన్నీ ముట్టుకోను. నా మాట తప్పయితే సంతకం నేనే పెట్టిస్తాను."

అతను జవాబు చెప్పేలోపు తెరిచి ఉన్న తలుపులోంచి ఒకతను తొంగిచూశాడు. నలభైకి దగ్గర్లో ఉన్నాడు, సన్నగా, నిద్ర లేని కళ్లతో.

"వదినా, ఇవాళ కూడా ఏం తినలేదు కదా? చాందిని పప్పుచారు పెట్టి కూర్చుంది, తీసుకురమ్మంది." అప్పుడు మిగతా ఇద్దర్నీ చూశాడు. "సారీ అండీ. నేను శ్రీహర్ష."

"మీ గురించే అనుకుంటున్నాం," అంది దమయంతి. "ఒక్క మాట. ఆ మంగళవారం రెండింటికి మీరెక్కడున్నారు?"

"మా ఇంట్లోనే. మీటింగ్‌లో ఉన్నా, కెమెరా ఆన్ చేసి. పన్నెండుమంది చూశారు."

"మీటింగ్ ఎన్నింటికి మొదలైంది?"

"రెండున్నరకి."

"నేను రెండింటి సంగతి అడిగాను."

"అంటే... ఒంటిగంటన్నర నుంచి రెండున్నర దాకా నాకు లంచ్. తింటూ ఉంటాను."

"రోజూ అదే టైమా?"

"రోజూ అదే."

"చప్పుడేమైనా వినిపించిందా?"

"లేదండీ. ఆ ఫైర్ డోర్ వేసేస్తే లోపల ఏం జరిగినా బయటికి వినపడదు." అని, బల్ల మీది లాప్‌టాప్ వైపు చూశాడు. "అది ఆన్ చేశారా?"

"ఇప్పుడే చేయబోతున్నాం," అన్నాడు భరద్వాజ్.

శ్రీహర్ష తలూపి సుధామయి పక్కకి వెళ్లి వంగాడు. "రండి వదినా. వీళ్ల పని వీళ్లు చేసుకుంటారు. రెండు ముద్దలు తిని వద్దురు." సుధామయి దమయంతి వంక చూసింది. వెళ్లిరమ్మన్నట్టు తలూపింది దమయంతి. ఈ గదిలో మాట్లాడుకునేవి సుధామయి చెవిన పడకుండా ఉంటే మంచిదనుకుంది. ఆ తలూపినందుకు తర్వాత ఆమె తనని తాను చాలాసార్లు తిట్టుకుంది.

రెండూ ఆరుకి భరద్వాజ్ లాప్‌టాప్‌ని ఆన్ చేసి, మూత మూసి స్టాండ్‌లో నిలబెట్టి, డాక్ తీగ తగిలించాడు. రెండు మానిటర్లూ వెలిగాయి. అతను డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచాడు. ఒకటి, రెండు.

"రెండే, మేడమ్."

దమయంతి ఎడమ మానిటర్ మీదికి వంగి తనూ లెక్కపెట్టింది.   ఒకవేళ మధుమిత తప్పు విని ఉంటే? ఆ అమ్మాయి ఇరవై రెండు రోజులుగా సరిగ్గా నిద్రపోయి ఉండదు, గుర్తు పెట్టుకున్నది ఎంత, ఊహించుకున్నది ఎంత?

"ఆ రోజు ఆయన చూస్తున్న డిజైనే కుడివైపు తెరిచి పెట్టండి," అంది.

"ఎందుకు?"

"ఐదు నిమిషాలు. అంతే."

అతను తెరిచాడు. ఇద్దరూ నిలబడి చూస్తూ ఉన్నారు. హీటర్ ఆగి మళ్లీ మొదలైంది. రెండూ తొమ్మిది. రెండూ పది. భరద్వాజ్ సంతకం కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

రెండూ పదకొండుకి కుడివైపు మానిటర్ ఆరిపోయింది.

భరద్వాజ్ చెయ్యి దాని వెనక తీగ మీదికి వెళ్లింది. "కేబుల్ లూజుగా..."

"ముట్టుకోకండి! బాక్సులు ఎన్ని ఉన్నాయో చూడండి."

అతను ఎడమ మానిటర్ మీదికి వంగాడు.  "మూడు. ఒకటీ మూడూ పనిచేస్తున్నాయి. రెండు బూడిదరంగులో ఉంది, కనెక్షన్ లేనట్టు."

దమయంతి అప్పటికే బల్ల కింద ఉంది. రేకు పెట్టె పక్క సందులోంచి చేతిని లోపలికి దూర్చింది. రేకు అంచుకి మణికట్టు చీరుకుంది. వేళ్లతో ఒక్కో తీగనీ తడుముకుంటూ పోయింది. ఎడమ మానిటర్‌ది. కుడి మానిటర్‌ది. దాని పక్కన ఇంకో రంధ్రం. అది ఖాళీగా లేదు. బొటనవేలంత ముక్క ఏదో దానికి గుచ్చి ఉంది. దానికి తీగ లేదు. వెచ్చగా ఉంది.

"దొరికింది," అంది కింద నుంచే. "వైరు లేకుండా బొమ్మని ఇంకో తెరకి పంపే ముక్క. దీని జోడీ ఇంకెక్కడో ఉంది. అక్కడ దాన్ని ఆన్ చేసినప్పుడే లాప్‌టాప్‌కి మూడో తెర కనిపిస్తుంది. ఈ లాప్‌టాప్ బయటి తెరలు రెండింటికే బొమ్మ పంపగలదు. మూడోది రాగానే కుడిదాని వంతు దానికి పోయింది. మానిటర్ పాడవలేదండీ. ఇక్కడ ఆరిపోయిన బొమ్మ ఇంకోచోట కనిపించింది."

"ఆ ఫోటోలు..."

"అక్కడ తీసినవి."

"అంటే ఇప్పుడు, ఈ నిమిషంలో..."

"ఎవరో చూస్తున్నారు. ఇంత చిన్నదాని బొమ్మ ఎంతో దూరం పోదు. ఇదే అంతస్తులో ఉన్నారు." పైకి లేచేసరికి ఆమె మణికట్టు నుంచి రక్తం కారుతోంది. చూసుకోలేదు. "ఐడెంటిఫై నొక్కండి."

భరద్వాజ్ నొక్కాడు. ఎడమ మానిటర్ మీద తెల్లటి ఒకటి అంకె పడింది. కుడిది చీకటిగానే ఉంది.

మూడు ఏదీ? యోగానంద్ ఇదే కుర్చీలో కూర్చుని అడిగిన ప్రశ్న. కుర్చీ జరిగిన చప్పుడు. కొంచెం సేపు ఏమీ లేకపోవడం. ఆ కొంచెం సేపట్లో అతను ఎటు నడిచాడు?

దమయంతి కిటికీ దగ్గరికి వెళ్లి కర్టెన్ పక్కకి లాగింది.

ఆ భవనం మధ్యలో మడిచినట్టు కట్టారు. ఈ ఇంటి కిటికీలోంచి చూస్తే మూల అవతలి ఇంటి కిటికీలు ఎదురుగా ఉంటాయి, నలభై అడుగులుంటుందేమో. పొద్దుటి నుంచి మబ్బు. మంచు సన్నగా రాలుతోంది. ఆ మసకలో లైట్లు వేసిన గదులు లోపలి దాకా కనిపిస్తున్నాయి. ఒక గదిలో గోడకి తగిలించిన పెద్ద తెర మీద మనిషి ఎత్తున అంకె ఉంది.

మూడు.

దాని ముందు శ్రీహర్ష నిలబడి ఉన్నాడు. ఫోటో తీయడానికి ఎత్తిన ఫోన్ అతని చేతిలో అలాగే ఉండిపోయింది.

"మై గాడ్," అన్నాడు భరద్వాజ్ ఆమె వెనక నుంచి.

యోగానంద్ పారిపోలేదు. కారిడార్ మూల దాకా నడిచి వెళ్లి, స్నేహితుడి తలుపు కొట్టి, ఇదేంటని అడగబోయాడు. అంత దూరానికి ఎవరైనా బూట్లు వేసుకుంటారా? అక్కణ్నుంచి అతన్ని ఫైర్ మెట్ల దాకా తీసుకెళ్లి తోసిందెవరో ఇక అడగక్కర్లేదు.

ఎదుటి గదిలో శ్రీహర్ష నెమ్మదిగా ఫోన్ దించాడు. తల తిప్పి ఈ కిటికీ వైపు చూశాడు. చూపులు కలిశాయి. అతని మొహంలో కోపం లేదు, భయమూ లేదు. లెక్క వేసుకుంటున్నవాడి మొహం అది.

అప్పుడు దమయంతి చూపు పక్క కిటికీ మీద పడింది. అది వాళ్ల భోజనాల గది. బల్ల దగ్గర సుధామయి ఒక్కతే కూర్చుని, ముందు పెట్టిన కంచంలోకి వంగి ఉంది. వంటింట్లో లైటు లేదు. చాందిని జాడ ఎక్కడా లేదు.

శ్రీహర్ష మొదటి కిటికీలోంచి తప్పుకున్నాడు. రెండు క్షణాల్లో రెండో కిటికీలో, సుధామయి కుర్చీ వెనక, కనిపించాడు. ఆమె తలెత్తి ఏదో అడిగింది. అతను నవ్వుతూ జవాబు చెప్పి, ఆమె తల మీదుగా చెయ్యి చాచి కిటికీ బ్లైండ్స్ దించేశాడు.

"911కి ఫోన్ చేసి పోలీసుల్ని పిలవండి! పద్నాలుగు పదకొండు!" అని అరుస్తూ దమయంతి బయటికి పరిగెత్తింది. మూల తిరిగేటప్పుడు గోడకి భుజం కొట్టుకుంది. ఆ తలుపు చేరి రెండు అరచేతులతో బాదింది.

"సుధామయీ! తలుపు తియ్యమ్మా! బయటికి వచ్చెయ్!"

లోపల కుర్చీ నేలకి పడిన చప్పుడైంది. ఆ వెంటనే, వేసి ఉన్న తలుపుకి అవతలి నుంచి రెండో గడియ కూడా పడింది.